ఒకే ప్రశ్న, నాలుగు గడపలు

పోలిక పాఠానికి మొదట కావలసింది ప్రశ్న. ఇంటిపెద్ద చనిపోతే ఆస్తి ఎవరికి ఎంత? ఎవరు ఎవరిని పెళ్ళాడవచ్చు? ఒకరి పొలాన్ని మరొకరు దున్నితే దాని మీద ఎవరికి ఎంత హక్కు? ఏ సమాజమైనా వీటికి జవాబు చెప్పుకోక తప్పదు. జవాబులు వేరైనా ప్రశ్న ఒకటే గనక వాటిని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇందుకు తలకిందులుగా నడుస్తాయి. ఒక పాఠంలో జపాన్, ఇంకో పాఠంలో ఫ్రాన్స్ వస్తాయి. దుస్తులు, పండుగలు, పార్లమెంటు గురించి తలా ఒక పేరా ఉంటుంది. విద్యార్థి దాన్ని బట్టీ పడతాడు గాని పోల్చడు. 1900లో పారిస్‌లో తులనాత్మక న్యాయశాస్త్రం మీద అంతర్జాతీయ సభ జరిగింది. ఆ తరువాతి తరాల పండితులు పద్ధతి కోసం వెతుకుతూ చివరికి చేరింది ప్రశ్నతో మొదలుపెట్టే ఈ దారికే. జర్మన్ పండితులు ట్స్వైగర్ట్, క్యోట్జ్ తమ ప్రసిద్ధ గ్రంథంలో దీన్నే పునాది చేసుకున్నారు: చట్టం పేరును పక్కన పెట్టి, అది ఏ పని చేస్తోందో చూడాలి.

ఈ పద్ధతిని నేర్పడానికి దూరదేశాలు వెళ్ళనక్కరలేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఓల్డ్ సెటిల్‌మెంట్ లాంటి పేట సరిపోతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టినప్పుడు పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు వచ్చాయి. బెంగాలీలు, ఒడియాలు, హిందీ వాళ్ళు, ఆంగ్లో ఇండియన్లు, ముస్లింలు కూడా వచ్చారు. అందరికీ యజమాని ఒక్కడే, క్వార్టర్ల వరస ఒక్కటే. గుమ్మం లోపల మాత్రం ఎవరి ధర్మం వారిది. పోలిక నేర్చుకునే విద్యార్థికి ఇంతకన్నా అనువైన చోటు అరుదు.

డెబ్బై రెండు వంతుల లెక్క

మొదటి పాఠంగా వారసత్వం బాగుంటుంది, ఎందుకంటే అందులో అంకెలు ఉన్నాయి. అంకెలున్న చోట అభిప్రాయాలు కాస్త ఆగి మాట్లాడతాయి. లెక్క ఇలా ఇవ్వాలి: ఒక రైల్వే ఉద్యోగి చనిపోయాడు. వీలునామా లేదు. ఉన్నదంతా స్వార్జితమే. తల్లి, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. ఆస్తిని 72 వంతులు అనుకుందాం. అతను తెలుగు హిందువైతే, బెంగాలీ హిందువైతే, సున్నీ హనఫీ ముస్లిం అయితే, క్రైస్తవుడైతే ఎవరికి ఎన్ని వంతులు?

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి, భార్య, కొడుకు, కూతురు నలుగురూ మొదటి తరగతి వారసులే. తలా 18 వంతులు. తెలుగు ఇంటికీ బెంగాలీ ఇంటికీ ఇక్కడ తేడా లేదు. హనఫీ ధర్మంలో పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు ముందే ఖాయం. మిగిలినదాన్ని కొడుకు, కూతురు రెండుకు ఒకటి చొప్పున పంచుకుంటారు. అంటే భార్యకు 9, తల్లికి 12, కొడుక్కి 34, కూతురికి 17. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలకు సమానంగా. కాబట్టి భార్యకు 24, కొడుక్కి 24, కూతురికి 24. తల్లికి ఏమీ లేదు.

ఇక్కడ తరగతిలో చెయ్యి ఎత్తే ప్రతి ఒక్కరూ తమ ఇంటి లెక్కే న్యాయమంటారు. అప్పుడు ఉపాధ్యాయుడు అడగవలసిన మాట ఒకటుంది: ఎవరి వైపు నుంచి న్యాయం? విధవరాలి కళ్ళతో చూస్తే 24, 18, 9 అనే వరసలో క్రైస్తవ చట్టం ముందుంటుంది. ముసలి తల్లి కళ్ళతో చూస్తే 18, 12, సున్న. ఆ చట్టమే అట్టడుగుకు జారుతుంది. కూతురి సంగతి ఇంకా విచిత్రం. ముస్లిం ఇంట్లో కూతురికి సగమే ఇస్తారని అందరికీ తెలుసు. కానీ ఈ లెక్కలో ఆమెకు వచ్చింది 17, హిందూ ఇంటి కూతురికి వచ్చింది 18. సగం అన్నది అన్నతో పోలిస్తేనే. పక్కింటి కూతురితో పోలిస్తే తేడా ఒక్క వంతే. వారసుల సంఖ్య మారితే ఈ దగ్గరితనమూ మారుతుంది. అందుకే లెక్కను కనీసం మరో రెండు రకాల కుటుంబాలతో మళ్ళీ చేయించాలి. ఒక్క ఉదాహరణతో తీర్పు చెప్పే అలవాటు అక్కడే వదులుతుంది.

తరవాత వీలునామాను లోపలికి తేవాలి. హిందువు స్వార్జితమంతా వీలునామాతో ఎవరికైనా రాసి, కూతురికి పైసా లేకుండా చేయవచ్చు. ముస్లిం సాధారణంగా మూడో వంతుకు మించి వీలునామాతో ఇవ్వలేడు. మిగతా రెండు వంతుల మీద వారసుల హక్కును అతను చెరపలేడు. ఫ్రాన్స్ సివిల్ కోడ్ కూడా ఇదే దారి పట్టింది. ఇద్దరు పిల్లలుంటే ఆస్తిలో మూడింట రెండు వంతులు వాళ్ళకు కేటాయించినట్టే. పుట్టుక, మతం, ఖండం వేరైన రెండు వ్యవస్థలు ఒకే భయానికి, అంటే తండ్రి కోపంలో పిల్లల్ని వెళ్ళగొడతాడేమో అన్న భయానికి, ఒకే రకమైన కంచె వేసుకున్నాయి. ఇలాంటి ఊహించని జత దొరికినప్పుడే విద్యార్థికి పోలిక రుచి తెలుస్తుంది.

వెంట వచ్చిన ధర్మం

స్వార్జితంలో ఒకేలా కనిపించిన తెలుగు, బెంగాలీ ఇళ్ళు పిత్రార్జితం దగ్గరకు వచ్చేసరికి విడిపోతాయి. ఈ భాగానికి ఎక్కువ సమయం ఇవ్వాలి.

యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంలో రాసిన వ్యాఖ్యానం మితాక్షర. 13వ శతాబ్దంలోనే మూలఘటిక కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే తెలుగువాళ్ళకు ఆస్తి ధర్మం చాలా ముందే సొంత భాషలో అందింది. బెంగాల్‌లో చెల్లింది జీమూతవాహనుడి దాయభాగం. మితాక్షరలో కొడుక్కి పుట్టుకతోనే తాతల ఆస్తిలో వాటా వస్తుంది, కాబట్టి తండ్రి ఇష్టారాజ్యంగా అమ్మలేడు. దాయభాగంలో తండ్రి బతికున్నంతకాలం కొడుక్కి హక్కు పుట్టదు. తండ్రే పూర్తి యజమాని. మితాక్షర ఉమ్మడి కుటుంబంలో కొడుకుల్లేకుండా పోయినవాడి వాటా మిగతా మగవాళ్ళలో కలిసిపోయేది, అతని భార్యకు పోషణ మాత్రం మిగిలేది. దాయభాగంలో ఆమె భర్త వాటాను జీవితకాలానికి అనుభవించగలిగేది. ఈ రెండు గ్రంథాలనూ కోల్‌బ్రూక్ 1810లో ఇంగ్లీషు చేశాక కంపెనీ కోర్టుల్లో వాటికి పట్టు మరింత బిగిసింది.

మరి తెలుగు కుటుంబం బెంగాల్‌కు వచ్చి స్థిరపడితే ఏ ధర్మం? వలస కుటుంబాల వివాదాల్లో ప్రివీ కౌన్సిల్ 19వ శతాబ్దంలోనే దీన్ని తేల్చింది. కుటుంబం తన ఊరి ధర్మాన్ని వెంట తెచ్చుకున్నట్టే భావించాలి. కొత్త చోటి ధర్మానికి మారామని ఎవరైనా అంటే వాళ్ళే రుజువు చేయాలి. రుజువు కోసం కోర్టులు చూసినవి ఇంటి ఆచారాలు: పురోహితుడు ఎవరు, పెళ్ళి ఏ పద్ధతిలో జరిగింది, శ్రాద్ధం ఎలా పెట్టారు. సంస్కృతీ చట్టమూ వేర్వేరు అధ్యాయాలని నమ్మే విద్యార్థికి ఇది మంచి దెబ్బ. తద్దినం పెట్టే తీరు ఆస్తి పంపకాన్ని మార్చగలదు.

కాలం కూడా పోలికలో ఒక పక్షమే. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా పిత్రార్జితంలో పుట్టుక హక్కు ఇచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో అలాంటి సవరణ రాలేదు. దాయభాగంలో కొడుక్కే పుట్టుక హక్కు లేనప్పుడు కూతురికి సమానం చేయడానికి అక్కడ ఏమీ లేదు. దేశమంతటా మితాక్షర కుటుంబాల కూతుళ్ళకు ఆ హక్కు వచ్చింది 2005 సెప్టెంబరు 9న. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో స్పష్టం చేసింది. ఊళ్ళో పొలం, ఖరగ్‌పూర్‌లో కొన్న ఇల్లు ఉన్న తెలుగు కుటుంబంలో 1985కీ 2005కీ మధ్య కూతురి వాటా ఏమిటన్నది పెద్ద తరగతులకు ఇవ్వదగ్గ గట్టి లెక్క. ఆస్తి ఎక్కడుంది, కుటుంబం ధర్మం ఏది, పెళ్ళి ఎప్పుడైంది అనే మూడు సంగతులూ విడదీసి వాదించినవాడికి మార్కులు పడాలి. జవాబు ఎటు తేలిందన్నది ఆ తరవాతి మాట.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. బెంగాల్‌లో సతి ఎక్కువగా జరగడానికి దాయభాగం విధవరాలికి ఇచ్చిన ఆస్తే కారణమని ఒక వాదన ఉంది. రామ్మోహన్ రాయ్ 1822లో స్త్రీల హక్కుల మీద రాసిన చిన్న పుస్తకంలో దాదాపు దీనికి ఎదురుగా నడిచాడు. ప్రాచీనులు ఇచ్చిన హక్కులను తరవాతివాళ్ళు కత్తిరించడమే స్త్రీల దుర్గతికి మూలమన్నాడు. ఒక చట్టాన్నీ ఒక ఆచారాన్నీ పక్కపక్కన చూసిన వెంటనే ఒకటి రెండోదాన్ని కన్నదని రాసేయడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. పెద్దవాళ్ళూ చేస్తారు.

రైల్వే ఇచ్చేది, ఇంటి ధర్మం ఇచ్చేది

రైల్వే పేటలో పిల్లలకు పరిచయమైన ఆస్తి వేరు. ఉన్న క్వార్టర్ రైల్వేది, దానికి వారసత్వం లేదు. తండ్రి పోతే వచ్చేవి కుటుంబ పింఛను, పి.ఎఫ్., బీమా, కారుణ్య నియామకం. వీటిని కూడా పోలికలో కలపాలి. కుటుంబ పింఛను ఎవరికన్నది సర్వీసు నిబంధనలు చెబుతాయి, మితాక్షర గాని షరియత్ గాని కాదు. బీమా కాగితంలో నామినీగా భార్య పేరున్నంత మాత్రాన ఆ డబ్బు ఆమెది అయిపోదని, వారసుల తరఫున అందుకునే మనిషి మాత్రమేనని, 2015లో మారకముందున్న బీమా చట్టం ప్రకారం, సుప్రీంకోర్టు 1984లో శర్బతీ దేవి కేసులో చెప్పింది. ‘నాన్న ఉద్యోగం నాకొస్తుంది’ అని పేటలో తేలిగ్గా అంటారు. కారుణ్య నియామకం వారసత్వ హక్కు కాదని, ఆదరువు పోయిన కుటుంబాన్ని గండం గట్టెక్కించే సాయమని 1994లో అదే కోర్టు తేల్చింది. అయితే రెండో భార్య పిల్లలకు ఆ అవకాశం లేదన్న రైల్వే సర్క్యులర్ చెల్లదని 2018లో వి.ఆర్. త్రిపాఠి కేసులో తీర్పు వచ్చింది. ఇంటి ధర్మం, సంస్థ నిబంధన, రాజ్యాంగం మూడూ ఒకే గుమ్మం ముందు ఎలా తారసపడతాయో చూపడానికి ఈ ఒక్క కేసు చాలు.

ఒక వ్యవస్థలో చదువుకుని మరో వ్యవస్థలో పనిచేసిన మనిషికి ఖరగ్‌పూర్ చరిత్రలోనే ఉదాహరణ ఉంది. వి.వి. గిరి 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, తరవాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిర్మించినవారిలో ముందు నిలిచాడు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సమ్మె దేశం దృష్టిలో పడింది. స్వతంత్ర భారతంలో కార్మిక మంత్రి అయ్యాక గిరి, తగాదాలను ప్రభుత్వ ట్రిబ్యునళ్ళకు తోయడం కన్నా సంఘమూ యాజమాన్యమూ కూర్చుని తేల్చుకోవడమే మేలని వాదించాడు. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో రాజీనామా చేశాడు. రెండు పద్ధతులనూ ఎరిగి ఒకదాన్ని ఎంచుకోవడం ఎలా ఉంటుందో ఇది చూపుతుంది.

మేనరికం కోర్టు

పెళ్ళి పాఠానికి ఆచారమే ముడిసరుకు. మేనమామ కూతుర్ని, మేనత్త కొడుకుని చేసుకోవడం తెలుగు ఇళ్ళలో మామూలు. చాలా కులాల్లో అక్క కూతుర్ని చేసుకోవడమూ ఉంది. బెంగాలీ హిందూ సహాధ్యాయికి ఈ మాట చెప్పగానే మొహం మారుతుంది. అక్కడ మామ అన్నప్రాశన నాడు బిడ్డ నోట్లో మొదటి ముద్ద పెట్టేవాడు. తెలుగు పెళ్ళిలో పెళ్ళికూతుర్ని గంపలో మోసుకొచ్చేది కూడా మేనమామే. రెండు చోట్లా అతను ముఖ్యుడే. ఒకచోట ఆ ముఖ్యత వియ్యానికి దారి తీస్తుంది, ఇంకోచోట దారి మూస్తుంది. ముస్లిం ఇంట్లో బాబాయి కూతుర్ని చేసుకోవచ్చు, తెలుగు హిందువుకు ఆమె చెల్లెలు. కాథలిక్ చర్చిలో పినతండ్రి, మేనమామ పిల్లలతో పెళ్ళికి ప్రత్యేక అనుమతి కావాలి. ఇంగ్లండు చట్టం వాళ్ళను ఒప్పుకుంటుంది, మేనకోడలిని ఒప్పుకోదు. అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రం సాధారణంగా మేనకోడలి పెళ్ళిని నిషేధిస్తూనే, మతం ఒప్పుకున్న మేరకు యూదులకు మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ‘నాగరిక దేశాల్లో ఇలా ఉండదు’ అనే వాక్యం విద్యార్థి కలం నుంచి వస్తే, ఏ దేశం, ఏ చుట్టరికం అని అడగాలి.

1955 హిందూ వివాహ చట్టం నిషిద్ధ సంబంధాల జాబితాలో మేనమామ–మేనకోడలు, అన్నాచెల్లెళ్ళ పిల్లలు అనే రెండు చుట్టరికాలూ ఉన్నాయి. దాని పక్కనే ఒక తలుపు కూడా తెరిచి ఉంది: ఇరువైపుల వాళ్ళ ఆచారం ఒప్పుకుంటే ఆ పెళ్ళి చెల్లుతుంది. ఆచారం అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది. చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరుగా పాటించినది, నిశ్చయమైనది, అసమంజసం కానిది, ప్రజాహితానికి విరుద్ధం కానిది. స్పష్టమైన ఆచారం శాస్త్ర వచనాన్ని మించుతుందని 1868లోనే మధుర కలెక్టరు కేసులో ప్రివీ కౌన్సిల్ అన్నది.

ఈ నిర్వచనంతో తరగతిలో ఒక ఉత్తుత్తి కోర్టు పెట్టవచ్చు. ఒక జట్టు మేనరికాన్ని ఆచారంగా రుజువు చేయాలి, రెండో జట్టు అడ్డు ప్రశ్నలు వేయాలి. జట్లను కలగలపడం ముఖ్యం. బెంగాలీ విద్యార్థి మేనరికం తరఫున వాదించాలి, తెలుగు విద్యార్థి ఎదురు నిలవాలి. ఇష్టం లేని పక్షాన్ని గట్టిగా వాదించడం కన్నా మంచి శిక్షణ పోలికకు లేదు. ఒక వరుడి ఇంట్లో ఆచారం ఉండి వధువు ఇంట్లో లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న తప్పక వస్తుంది. చట్టంలో ‘ఇరువైపులా’ అన్న షరతు ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది. దగ్గరి రక్త సంబంధాల్లో జన్యు వ్యాధుల ముప్పు పెరుగుతుందన్న వైద్యుల మాటను కూడా సాక్ష్యంగా పిలవాలి. ఆచారాన్ని అర్థం చేసుకోవడమంటే దాన్ని సమర్థించడమని పిల్లలు అనుకోకూడదు.

ఈ సంవాదం కొత్తదేమీ కాదు. బౌధాయన ధర్మసూత్రం దక్షిణాది ఆచారాల్లో మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్ళాడటాన్ని చెప్పి, ఉన్ని వ్యాపారం, సముద్రయానం లాంటివి ఉత్తరాది ఆచారాలంది. ఎవరి ఆచారం వారి దేశంలో ప్రమాణం, పరదేశంలో దోషం అని తీర్మానించింది. వెంటనే, గౌతముడు దీన్ని ఒప్పుకోడని కూడా నమోదు చేసింది. తన వాదంతో పాటు ఎదుటి వాదాన్నీ రాసి పెట్టిన ఆ పద్ధతిని నేటి ప్రాజెక్టు పుస్తకాలు అందుకోలేకపోతున్నాయి.

పొలం విషయాన్ని క్లుప్తంగా ముగించవచ్చు. పశ్చిమ బెంగాల్‌లో బర్గాదారు, అంటే పంటలో పాలుకు పరాయి పొలం దున్నే రైతు, అరక, ఎరువు తానే పెట్టుకుంటే పంటలో నాలుగింట మూడు వంతులు అతనివి, సాగు హక్కు వారసులకూ వెళుతుంది. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో కౌలు ఒప్పందం 11 నెలలకే. సొంతూరి కౌలు రైతునూ ఖరగ్‌పూర్ చుట్టుపక్కల బర్గాదారునూ ఎరిగిన కుటుంబాల పిల్లలకు ఈ రెండు వాక్యాలే చర్చకు సరిపోతాయి.

తరగతిలో పాటించవలసినవి

ప్రతి పోలికలోనూ మూడు అరలు విడిగా ఉంచమని విద్యార్థికి చెప్పాలి: పుస్తకంలో చట్టం ఏమంటోంది, ఇంట్లో ఏం జరుగుతోంది, కోర్టు దేన్ని గుర్తిస్తోంది. సాధారణంగా మన ఇంటి ఆదర్శాన్ని పక్కింటి వాస్తవంతో పోలుస్తాం. మన శాస్త్రం గొప్పది, వాళ్ళ నడత అధ్వానం అని తేలడం అందుకే. ఆదర్శాన్ని ఆదర్శంతో, నడతను నడతతో పోల్చాలి. చట్టంలో 18 వంతులున్న కూతురు ‘పుట్టింటి రాకపోకలు పోతాయి’ అని వదులుకుంటూ సంతకం పెట్టడం తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. ఈ సంగతి లేకుండా వేసిన పట్టిక అందంగా ఉంటుంది, అంతే.

‘తెలుగువాళ్ళు’, ‘బెంగాలీలు’ అని మొత్తంగా రాసే వాక్యాలకు ఎర్ర సిరా గీత పడాలి. ఏ కులం, ఏ తరం, ఏ ఊరు అని తిరిగి రాయించాలి. అల్పసంఖ్యాకుల హోదా కూడా నిలకడగా ఉండదు. అది రాష్ట్రాన్ని బట్టే తేలాలని సుప్రీంకోర్టు 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో చెప్పింది. పలాసలో భాష పరంగా అధికసంఖ్యాకుడైన మనిషి రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగితే అల్పసంఖ్యాకుడు. అక్కడ అతని భాష హోదా కూడా కాలంతో మారింది: పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది 2020 డిసెంబరులో.

సొంత ఇంటి తగాదాలను తరగతిలో చెప్పించకూడదు. పేట చిన్నది, మాట సాయంత్రానికల్లా మార్కెట్‌కు చేరుతుంది. ఇంటర్వ్యూ చేయించదలిస్తే ఆచారం గురించే ప్రశ్నలుండాలి, పేర్లు రాయించకూడదు. ఆస్తి పంపకం గురించి అడిగే ముందు పెద్దల అనుమతి తీసుకోవాలి.

తీర్పును వాయిదా వేయాలే గాని రద్దు చేయకూడదు. ‘ఎవరి పద్ధతి వారిది’ అని ముగించే వ్యాసం బద్ధకానికి గుర్తు. ఏ కారణం వల్ల నియమం పుట్టింది, ఇప్పుడు ఎవరికి మేలు, ఎవరికి నష్టం అన్న సంగతులు రాశాక, విద్యార్థి తన అభిప్రాయం చెప్పి తీరాలి. ఆ నియమం కింద బతికే మనిషి చదివితే ‘మా సంగతి సరిగానే రాశాడు’ అనగలగాలి. మార్కులకు ఇంతకు మించిన కొలత అక్కరలేదు.

కేంద్ర చట్టాల పూర్తి పాఠం ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ అధ్యాయంలోని అంకెలు, సెక్షన్ల సారాంశం వాడే ముందు ఉపాధ్యాయులు ఆ సంవత్సరం వరకు వచ్చిన సవరణలతో ఒకసారి సరిచూసుకోవాలి. నిజమైన ఆస్తి తగాదా ఉన్న కుటుంబం మాత్రం పాఠాన్ని నమ్ముకోకుండా వకీలు దగ్గరకే వెళ్ళాలి.